రాబోయే బంతి

ఒమాహా,
డిసెంబర్ 1971

నా బంగారు తమ్ముడు లైల్‌కి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మా మరదలు నాడీన్‌ని పక్కనే ఉండమను. రేపో మాపో పేపర్లో పడుతుంది, అంతకంటే ముందు నా చేతిమీదుగా నీకు తెలియాలని రాస్తున్నాను. మా జట్టు క్రౌడర్‌ని కొనుక్కుంది. అవును, ఆ క్రౌడరే. జూన్‌లో నీ ముఖం మీదికి బంతి విసిరి, ఎడమ కన్ను ఆర్పేసి, నిన్ను ఇరవై ఆరేళ్లకే బేస్‌బాల్ మాన్పించినవాడు. వచ్చే వసంతం నుంచి మా బుల్‌పెన్‌లో, ఆట మధ్యలో దించే పిచ్చర్ల దొడ్డిలో, మా ఉప్పు తింటూ కూర్చుంటాడు. వాడు విసిరింది పట్టాల్సిన క్యాచర్‌ని నేను.

నీకు తెలుసుగా, చలికాలం వచ్చిందంటే నా బతుకు ఈ పందుల కబేళాలోనే. మోచేతుల దాకా నెత్తురుతో ఉన్నాను, మేస్త్రీ వచ్చి ఫోనన్నాడు. మా జనరల్ మేనేజర్ పెండర్. చావు కబురు చల్లగా చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ముందు వాతావరణం అడిగాడు, మోకాళ్ల నొప్పులు అడిగాడు, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. “ఆరిన్, పోయినేడు మన బుల్‌పెన్ ఎలా తగలడిందో నువ్వు చూశావు. ఏడో ఇన్నింగ్స్ దాకా గెలుస్తాం, ఆ తర్వాత ఎవణ్ణి దించినా చితక్కొట్టించుకుని వస్తాడు. క్రౌడర్ దిగితే బ్యాటర్లు ఓ అడుగు వెనక్కి వేస్తారయ్యా.”

ఎందుకు వేస్తారని అడిగాను. “నీ తమ్ముడి సంగతి లీగంతా చూసింది కదా,” అన్నాడు.

అర్థమైందా లైల్? నీ ముఖం పగలగొట్టినా ఫర్వాలేదని కాదు, పగలగొట్టాడనే కొన్నారు. నీ చెంపఎముక వాడికి యోగ్యతాపత్రం అయింది. దాంతో ఆగలేదు. వాణ్ణి దారిలో పెట్టి ఆడించే పూచీ నేను తీసుకుంటే రెండేళ్లకి కలిపి కాంట్రాక్ట్ ఇస్తానన్నాడు. ముప్పై నాలుగేళ్ల క్యాచర్‌కి ఎవరూ ఇవ్వనిది. ఫోన్ పెట్టేసి తిరిగి కత్తి పట్టుకున్నాను. ఆ పూట నా ముందుకు వచ్చిన పందుల్ని నేను కోశాననడం అబద్ధం. పొడిచాను. గొంతు తెగి చచ్చినదాన్ని కూడా పొడుస్తూనే ఉంటే మేస్త్రీ నా చేతిలోంచి కత్తి లాక్కుని ఇంటికి పొమ్మన్నాడు.

కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేశాను. నన్ను తిట్టుకో, కానీ ముందు ఇది విను. సంతకం పెట్టకపోతే నన్ను ఇంకో జట్టుకి అమ్మేస్తారు, వాడి దగ్గరికి వెళ్లే దారి ఉండదు. పెడితే వాడికి ఎదురుగా, వాడి చూపంతా నా చేతుల మీద ఉండేలా రోజూ కూర్చుంటాను. వాడి ముఖం కూడా పగలాలి. ఎలాగో ఇంకా ఆలోచించలేదు. ఈ చివరి మాట మాత్రం ఎవరికీ చెప్పకు, నాడీన్‌కి కూడా.

నీ అన్న,
ఆరిన్

*

ఫ్లోరిడా శిక్షణ శిబిరం,
మార్చి మొదటివారం

తమ్ముడూ, నా లైల్,

ఇక్కడ ఎండలు మండుతున్నాయి, నీకక్కడ మంచు మోకాలి లోతున ఉండుంటుంది. క్రౌడర్ వచ్చాడు. టెనెస్సీ కొండవాడు, తలుపంత మనిషి, బుగ్గలో పొగాకు, నోట్లో మాట మాత్రం ఉండదు. పెండర్ తెలివి చూడు, బట్టలు మార్చుకునే గదిలో వాడి అరను నా అర పక్కనే ఇప్పించాడు. ఒక్కచోట కట్టేస్తే కోడిపుంజులు చుట్టాలవుతాయని ఆయన నమ్మకం.

వాడు సంచి కింద పెట్టి నా వైపు చేయి చాచాడు. ఒక్క మాట అంటాడేమో అని చూశాను లైల్, నిజం. నీ పేరు ఎత్తుతాడేమో, కన్ను ఎలా ఉందని అడుగుతాడేమో అని. ఏమీ లేదు. చేయి చాచి మొద్దులా నిలబడ్డాడు. ఆ చేతిని వదిలేసి మూతి మీద కొట్టాను. వెనక్కి పడ్డవాడు బల్ల విరిచి మరీ లేచాడు. పక్కటెముకల్లో గుద్దాడు, ఊపిరి ఆగిపోయింది. మెడ పట్టుకుని ఇనప అర తలుపుకేసి బాదాను. నా దవడపన్ను ఒకటి ఊడి నేలమీద పడింది, వాడి కనుబొమ చీలి నెత్తురు కళ్లలోకి కారింది. కుర్రాళ్లంతా గోడకి అతుక్కుపోయి చూశారు గాని ఒక్కడూ విడదీయలేదు. చివరికి మైదానంలో మమ్మల్ని ఆడించే మేనేజర్ టాలీ ఐసునీళ్ల బకెట్ తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించాడు.

“అయిందా పెళ్లి? ఇక కాపురం చెయ్యండి,” అన్నాడు. “మళ్లీ చెయ్యెత్తినవాణ్ణి బస్సెక్కిస్తా, అన్నగాడైనా సరే, బంతిగాడైనా సరే.”

అప్పటినుంచి నా చేతులు కట్టేసినట్టయింది. కానీ పగ తీర్చుకోవడానికి చేతులే అక్కర్లేదని నాకు నిన్న తోచింది. బుల్‌పెన్‌లో మిగిలింది ఒకే చోటు. దానికి క్రౌడర్, ముసలి మోరిస్ పోటీ పడుతున్నారు. మోరిస్ భుజం అయిపోయింది, అయినా పాత మనిషని టాలీ మొగ్గుతున్నాడు. శనివారం మాలో మేమే రెండు జట్లుగా ఆడే ఆటలో తేల్చేస్తానన్నాడు. క్రౌడర్‌కి నన్నే పట్టమన్నాడు.

వాడు బంతి వదిలాక ఎలా ఉంటాడో తెలుసా? ఒళ్లంతా ముందుకు విసిరేసుకుంటాడు. గ్లౌజు తొడిగిన చెయ్యి మోకాలి దగ్గర వేలాడుతుంది, ముఖం బ్యాటర్‌కి ఎదురుగా పళ్లెంలో పెట్టినట్టు ఉంటుంది. ఏ బంతి వస్తుందో తెలియని బ్యాటర్ దాన్ని ఎటో కొడతాడు. ముందే తెలిస్తే వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాడు, అంతకు రెట్టింపు వేగంతో. శనివారం అవతలి పక్క బ్యాటు పట్టే మన హేగన్ ఉన్నాడు చూడు, ఎద్దులాంటివాడు, జట్టులో వాడి చోటూ ఊగిసలాడుతోంది. వాడి కాళ్ల దగ్గరే కూర్చుంటానుగా. ఏ బంతి వెయ్యాలో వేళ్లతో క్రౌడర్‌కి సైగ చేస్తాను, అదే సంగతి నోటితో హేగన్ చెవిన వేస్తాను. నీ చోటు నిలబెట్టుకో అని వాడితో ఇప్పటికే అన్నాను. నేనెందుకు చెబుతున్నానో వాడు అడగలేదు. బతకాలనుకునేవాడు ఎందుకు అడుగుతాడు?

ఒకసారి తప్పినా రెండోసారి తప్పదు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ. శనివారం నన్ను తలుచుకో.

నీ అన్న,
ఆరిన్

*

గ్రాండ్ ఐలాండ్,
శుక్రవారం

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది, పోస్టుమాన్ మంచులో నడిచి తెచ్చాడు. ఫోన్ చేద్దామంటే మంచు బరువుకి తీగలన్నీ తెగి పడ్డాయి. రోడ్డు కనబడడం లేదు. బండి కదిలితే చాలు, నాడీన్ దీన్ని పోస్టులో వేసి వస్తానంటోంది. నీకు శనివారం లోపల చేరదని తెలిసి కూడా రాస్తున్నాను, రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

ఇది ఎవరికీ చెప్పలేదు అన్నయ్యా. ఆ రోజు మూడో బేస్ దగ్గర నిలబడే మా కోచ్ వాళ్ల క్యాచర్ వేళ్ల సైగ చూసేశాడు. ఈల వేస్తే వంపు బంతి అని మాకు ఏర్పాటు. ఈల వేశాడు. క్రౌడర్ వంపు బంతి ఎలా వస్తుందో నీకు తెలుసు, మొదట తల మీదికే వస్తున్నట్టుంటుంది, చివరి క్షణంలో వంగి వికెట్ల... చూడు, పక్కింటి ఇంగ్లీషాయన క్రికెట్ కబుర్లు విని విని నేనూ అదే వాగుతున్నాను... వంగి బ్యాటర్ పక్కనుండే ప్లేటు మీదికి దిగుతుంది. అందుకే తల మీదికి వస్తుంటే నేను కదల్లేదు. తల వెనక్కి తీయలేదు, ముందుకు వంచాను. వంగుతుందని ఎదురు చూశాను. అది వంగలేదు. వాళ్లు సైగలు మార్చేశారు, అది వేగం బంతి. చెయ్యి జారి కాస్త లోపలికి వచ్చిన మామూలు వేగం బంతి. ఈల లేకపోతే అందరు బ్యాటర్లలాగే నేలమీద పడిపోయి, ప్యాంటు దులుపుకుని, నాలుగు బూతులు తిట్టి మళ్లీ నిలబడేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదంటే, ఆసుపత్రిలో నువ్వు నా పక్కన కూర్చుని క్రౌడర్‌ని తిడుతుంటే నాకు హాయిగా ఉండేది. నా కన్ను ఒకడు తీశాడంటే జనం జాలి పడతారు. దొంగతనంగా తెలుసుకున్న బంతికి నేనే ముఖం అప్పగించానంటే నవ్వుతారు. నీ కోపం నాకు దుప్పటిలా ఉండేది, అది తీసేస్తే చలి.

నీ కాళ్లు పట్టుకుంటాను. రాబోయే బంతి ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు,
లైల్

*

ఫ్లోరిడా,
ఆదివారం, రెండో వారం

నా తమ్ముడు లైల్‌కి,

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఆట శనివారమే అయిపోయింది.

చెప్పాను. మొదటి బంతి వంపు అని చెప్పాను, హేగన్ తొందరపడి గీత బయటికి కొట్టాడు. రెండోది వేగం అని చెప్పాను. క్రౌడర్ విసిరాడు. బ్యాటు చప్పుడు, ఆ వెంటనే ఇంకో చప్పుడు వినిపించాయి. రెండోది కబేళాలో రోజూ వినేదే, మొద్దు మీద ఎముక విరిగే చప్పుడు. మనిషి మోకాళ్ల మీద కూలాడు. రెండు చేతుల్లో తన దవడ పట్టుకుని ఉన్నాడు, అది ముఖానికి ఒక పక్కనే అంటుకుని ఉంది. పళ్లు మట్టిలో పడ్డాయి. నెత్తురు వేళ్ల సందుల్లోంచి తెరలు తెరలుగా దిగి చొక్కా మీది జట్టు పేరంతా కప్పేసింది. హేగన్ బేస్ వైపు పరుగెత్తడం మాని అక్కడే వాంతి చేసుకున్నాడు. నేను ముసుగు తీసి నిలబడ్డాను. లోపల పండగ ఉంటుందనుకున్నాను లైల్. మొదటి క్షణం ఉంది కూడా, దాచను. తర్వాత అతని కళ్లు నా వైపు తిరిగాయి. ఆ కళ్లలో కోపం లేదు, ఎదురు చూసింది వచ్చిందన్నట్టు ఉన్నాయి.

పెండర్ మర్నాడే అతన్ని జట్టులోంచి తీసేశాడు. దవడ లేని పిచ్చర్‌ని చూసి ఎవరు అడుగు వెనక్కి వేస్తారు? విడుదల కాగితం ఆసుపత్రి మంచం మీదికే వెళ్లింది. బుల్‌పెన్ చోటు మోరిస్‌కి దక్కింది. నన్ను పిలిచి పెండర్ భుజం తట్టాడు, కష్టకాలంలో నిబ్బరంగా ఉన్నావన్నాడు.

మంగళవారం నీ ఉత్తరం చదివి, ఇంకోసారి చదివి, స్నానాల గదిలోకి వెళ్లి గోడని గుద్దాను. కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి, అందుకే ఈ అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. అదే చేత్తో టాలీ గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. “నన్ను కొట్టినా ఊరుకుందును,” అన్నాడు. “క్యాచర్ అంటే పిచ్చర్‌కి తల్లిలాంటివాడు రా. ఇది తెలిశాక నీకు ఎవడు బంతి వేస్తాడు?” ఎవడూ వెయ్యడన్నాను. రెండేళ్ల కాంట్రాక్ట్ ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

ఆసుపత్రిలో క్రౌడర్ పళ్లన్నీ తీగలతో కట్టేసి ఉన్నాయి. ముఖం గుమ్మడికాయంత. పక్కన కుర్చీలో ఎవరూ లేరు. నేనే చెప్పాను హేగన్‌కి అన్నాను. అతను ఆ తీగల సందుల్లోంచి నెమ్మదిగా, మాట మాటకి నొప్పి మింగుతూ, “తెలుసు, మొదటి బంతికే హేగన్ ఏది వస్తుందో తెలిసినట్టు ముందుగా కాలు వేశాడు,” అన్నాడు. తెలిసీ రెండోది ఎందుకు వేశావని అడిగాను. వెయ్యనని దిగిపోతే ఉద్యోగం మోరిస్‌ది అయ్యేదట. పైగా ఒక దెబ్బతో నీ బాకీ తీరిపోతే మంచిదే అనుకున్నాడట.

నీ దగ్గరికి రావాలనుకున్నాడు లైల్. పూలు కూడా కొన్నాడట. అప్పటి మేనేజర్ ఆపేశాడు. క్షమించమని అడిగిన పిచ్చర్‌కి ఏ బ్యాటరూ భయపడడు, ఆ భయం పోతే నీ దగ్గర ఇంకేముంది అన్నాడట. నా దగ్గరా అదే మాట పట్టుకుని నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత అతను నన్నొకటి అడిగాడు.

“మీ తమ్ముడు ఎందుకు కదల్లేదు? పక్కకి పడిపోతాడనుకున్నా. రోజూ పడుకునే ముందు అదే చూస్తున్నా. ఎందుకు కదల్లేదు?”

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. తీసి చదివి వినిపించాను. నీ అనుమతి తీసుకోలేదు, క్షమించు. ఈల దగ్గరికి వచ్చేసరికి అతను కళ్లు మూసుకున్నాడు. చివరికి నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు, ఒళ్లంతా అదిరి తీగలు లాక్కుని చిగుళ్లలోంచి నెత్తురు వచ్చింది, నర్సు వచ్చి నన్ను బయటికి తోసేసింది. తలుపు అవతల నిలబడి నేనూ ఏడ్చాను. నీకోసం ఇన్నాళ్లు ఏడవాల్సిందంతా అక్కడే ఏడ్చాను.

నిన్న ఆసుపత్రి నుంచి అతన్ని పంపించేశారు. టెనెస్సీలో ఇంటి దగ్గర దింపుతానన్నాను. ముందు మీ తమ్ముడి దగ్గరికి అన్నాడు. ఇప్పుడు నా బండిలో, పక్క సీట్లో, తలకి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నేను పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. దారిలో ఆగుతూ ఆగుతూ వస్తాం, మాకంటే ఉత్తరమే ముందు చేరుతుంది. నాడీన్‌ని పల్చటి సూప్ చేసి ఉంచమను, అతను గొట్టంతో తాగుతాడు.

నీకు వద్దనిపిస్తే గేటుకి గొళ్లెం పెట్టు, నేను అర్థం చేసుకుంటాను. తీసి ఉంచితే మాత్రం ఒకటి గుర్తు పెట్టుకో. డాక్టరు అతన్ని నోరు కదపొద్దన్నాడు. మొదటి మాట నువ్వే మాట్లాడాలి.

నీ అన్న,
ఆరిన్