నాలుగు వందల పదిహేడో చెట్టు

ప్రియమైన నాన్నకి,

ఫోన్ చేయొచ్చు కదా అని అమ్మ సణుగుతుందని తెలుసు. చెక్‌పోస్టులో నేను ఫోనెత్తితే మిగతా ముగ్గురి చెవులూ ఇటే తిరుగుతాయి. అందుకే ఉత్తరం. పోయిన నెల నువ్వు చేసి పంపిన ముక్కాలిపీట మీద కూర్చునే రాస్తున్నాను. ఈ గేటుకి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది, ప్రభుత్వం వారి కుర్చీ మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

సంగతి చెప్తాను. ముద్రల చట్టం వచ్చాక, నరకడానికి అనుమతి ఉన్న ప్రతి చెట్టుకీ ఒక నంబరు ఇస్తున్నారు. చెట్టు పడగానే ఆ నంబరును సుత్తితో రెండుచోట్ల కొడతారు: అడవిలో మిగిలిన మొదలు మీద ఒకసారి, దుంగ అడుగు కొన మీద ఒకసారి. మంచి చట్టం నాన్నా. అది లేనప్పుడు సగం కొండ బోడైపోయింది.

417 నంబరు దుంగ నా గేటు దాటడం ఈ మూడు నెలల్లో ఐదుసార్లు చూశాను. ఒక్క చెట్టు ఐదుసార్లు ఎలా చస్తుంది? ఐదోసారి లారీ ఆపేశాను. మర్నాడే మా పైఅధికారి తనిఖీ అంటూ నా రిజిస్టరు పట్టుకెళ్లాడు. అది తిరిగొచ్చేసరికి ఆ పేజీలు లేవు, లారీనీ వదిలేశారు. నేను కక్షకొద్దీ ఆపానట. ఇరవయ్యో తారీఖున విచారణ. పొరపాటైందని రాసిస్తే వదిలేస్తారట, లేకపోతే ఉద్యోగం ఊడుతుందట.

ఆ దుంగలన్నీ చేరేది నువ్వు రంపం మేస్త్రిగా ఉన్న మిల్లుకే. కోతకు ముందు ముద్ర ఉన్న కొన నువ్వే తీసేస్తావు కదా. ఆ ముక్కలు దాచావా? ఒకే నంబరు ఉన్నవి రెండు దొరికినా చాలు.

నీ జవాబు కోసం కాచుకుని ఉండే
నీ కూతురు

నా మొండిఘటానికి,

ముక్కలు లేవు. ఏ రోజు కొనలు ఆ రోజే మిల్లు పొయ్యిలోకి పోతాయి. ఇంకోసారి అడగకు.

ముప్ఫై ఏళ్లుగా మన నోట్లోకి ముద్ద వెళ్లింది ఈ రంపం పుణ్యమే. నీ చదువూ దాని పుణ్యమే. యజమానితో పెట్టుకుని బాగుపడ్డవాణ్ని నేను చూడలేదు. ఆ కాగితమేదో రాసిచ్చెయ్యి. అడవిని కాపాడటానికి నువ్వొక్కదానివే పుట్టలేదు.

అమ్మ కులాసా. పీట ఎండలో పెట్టకు. ఎవరికీ ఇవ్వకు.

ఆశీస్సులతో
నాన్న

నాన్నా,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి రాలేదు.

రాసివ్వను. నిన్న సెలవు పెట్టి కొండెక్కాను. 417 అని ముద్ర ఉన్న మొదలు చూశాను, ఒక్కటే ఉంది. దాని చుట్టూ ముద్రలేని మొదళ్లే. అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఏడుపొచ్చి కాదు, ఒళ్లు మండి. చిన్నప్పుడు నన్ను భుజానికెత్తుకుని దాటించావే, ఆ వాగులో ఇప్పుడు మడమ కూడా తడవదు.

నీ పొయ్యి అన్నీ మింగేసిందంటావు, సరే. వట్టి చేతులతోనే వెళ్తాను. చూసింది చూశానని వాళ్ల మొహం మీదే చెప్తాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. నా నోటితో నేనే అబద్ధాలకోరునని మాత్రం ఒప్పుకోను.

నీ పీట నడిమికి పగిలింది. పచ్చి కలపతో పీట చేయకూడదని నాకు నేర్పిందే నువ్వు. పెద్దవాడివైపోయావు నాన్నా.

కోపంతో, అయినా
నీ కూతురే

ప్రియమైన నా మొండిఘటానికి,

ఈ ఉత్తరం పక్కన పెట్టి లేచి నిలబడు. పీట తిరగెయ్యి. అడుగున అట్ట మేకులతో కొట్టి ఉంటుంది, దాన్ని పీకెయ్యి.

చూశావా? ఇక చదువు.

ముప్ఫై ఏళ్ల మేస్త్రి పచ్చి కలపతో పీట చేశాడంటే నీకు అనుమానం రాలేదేం? ముసలాడికి మతిపోయిందనుకున్నావు! 417 రెండోసారి నా రంపం కిందికి వచ్చినప్పుడే నాకు అంతా అర్థమైంది. నోరు మూసుకున్నాను. చేతులు మాత్రం ఊరుకోలేదు. కొనలు దాస్తే పట్టుబడతాను, పీటలు చేస్తే ఎవరడుగుతారు? నాలుగు చేశాను. ఒకటి నీకు, ఒకటి అమ్మకి, ఒకటి మంగలి కొట్టుకి, ఒకటి టైలరుకి. నాలుగింటి కిందా 417 ముద్రే.

లేవని నీకు రాసింది భయంతోనే. కోసింది నేనే కదా, నీకంటే ముందు నా మెడకే చుట్టుకుంటుంది. నీ రెండో ఉత్తరం అమ్మ పైకి చదివింది. దాని అడుగున ఏముందో తనకి ముందే తెలుసు, చదివి తన పీట తెచ్చి నా ముందు పడేసింది. మంగలి వెంటనే ఇచ్చాడు. టైలరు మాత్రం, "కొత్తది చేసిస్తేగానీ లేవను" అని దాని మీదే భీష్మించుక్కూర్చున్నాడు. ఎండిన కలపతో చేసిస్తానని ఒట్టేశాక లేచాడు.

ఈ పొద్దున యజమాని బల్ల మీద నా తాళంచెవి పెట్టి వచ్చేశాను. "ఎక్కడికి మేస్త్రీ?" అన్నాడు. "మా అమ్మాయి విచారణకి," అన్నాను. వాడి మొహం నువ్వు చూడాల్సింది.

ఇరవయ్యో తారీఖు మొదటి బస్సుకి మూడు పీటలతో దిగుతాను. ఎవరు కోశారని అడిగితే నేనే అంటాను. ఎవరి కోసమో కూడా చెప్తాను. శిక్ష పడితే పడనీ.

నాలుగోది నువ్వు తీసుకురా. మనకి కుర్చీలు వెయ్యకపోతే మరీ మంచిది.

నీ దగ్గర ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న
నాన్న