తుమ్మచెట్టు కింద అరగంట మౌనం

మే 21, బుధవారం

బోధన్‌లో ఇన్నేళ్లుగా స్కూలు బస్సు తోలుతున్నాను. ఈ రోజు మొదటిసారి బీపీ మిషన్ నన్ను ఆపింది. 160/100! డాక్టర్ శిరీష ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టకుండానే పెన్ను మూసేసింది. జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు. కాగితం లేకపోతే బస్సు తాళాలు ఇంకొకరికి.

"గోలీలు వేసుకోండి జీవరాజు గారూ. రోజూ పొద్దున అరగంట ఊరి బయట చెట్టు కింద కూర్చోండి. ఫోన్ వద్దు, మాటలు అసలే వద్దు. చుట్టూ చూడండి, రోజుకో కొత్త సంగతి నేర్చుకోండి. జూన్ 9న రండి."

ఇంటికొచ్చి చెప్తే కమలమ్మ నవ్వీ నవ్వీ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. బీపీ మనిషికి!

"అర్ధగంట నోరు మూస్తవా? నిద్రల గూడ 'జరగున్రి పిల్లలూ, జరగున్రి' అంటవ్ గదనయ్యా!"

చూపిస్తా. రేపటి నుంచి మౌనం. చెట్టు. జ్ఞానం.

మే 22, గురువారం

అద్భుతం! కాలువ దాటాక చెరకు తోట, దాని గట్టున బావి, బావి మీదికి వంగిన తుమ్మచెట్టు. దాని కిందే కూర్చున్నాను. చల్లగాలి. పసుపు తలకాయ గిజిగాడు ఒకడు చెరకు ఆకు అంచు కొరికి పట్టుకుని ఎగిరాడు. ఆకు దారంలా చీలి వాడి వెంట వచ్చింది. దాంతో గూడు అల్లుతున్నాడు.

ఇన్నేళ్లు ఈ దారినే బస్సు తోలాను. చూడలేదు. హారన్ కొట్టడంలో ఉన్నాను.

నేర్చుకున్నది: గూడు అల్లేది మగపిట్ట.

కమలమ్మకు చెప్పాను. "సూసి నేర్సుకో" అంది.

మే 24, శనివారం

తోట ఆసామి పోశన్న వచ్చాడు.

"ఏమన్నా, రెండు దినాల సంది సూస్తున్న. ఎవల తరఫున అచ్చినవ్?"

నేను మౌనంలో ఉన్నాను. పెదాల మీద వేలు పెట్టి, చెట్టువైపు చూపించాను.

పోశన్న గొంతు తగ్గించాడు. "సప్పుడు జెయ్యద్దంటవా? బయటికి పొక్కద్దా? సమజైంది, సమజైంది. రియల్ ఎస్టేటే గద! కడుపుల పెట్టుకుంట తియ్."

తల అడ్డంగా ఊపాను. "నీకు చెప్పరాదు, నాకెరికే" అని వెళ్లిపోయాడు. పొలాన్ని ఊరికే చూసే మనిషి ఉంటాడని మా దిక్కున ఎవరూ నమ్మరు.

నేర్చుకున్నది: మాట్లాడకపోతే మనిషి విలువ పెరుగుతుంది.

మే 27, మంగళవారం

చెట్టు కింద నాకు కుర్చీ! పోశన్నతోపాటు ఇంకో నలుగురు, చేతుల్లో పట్టా పాస్‌బుక్కులు. పెద్ద చాయ్ ఫ్లాస్కు. మూసిన నోటితో చాయ్ తాగడం కుదరదు. తెరిచాను. తెరిచాక ఊరుకోవడం మర్యాద కాదు.

నిజమే చెప్పాను. "పిట్టలను సూడనీకె అచ్చిన."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "మస్తు హుషారున్నవన్నా! పిట్టలంట!"

నేర్చుకున్నది: ఎవరి గట్టు ఎవరు ఎంత జరిపారో, మొత్తం.

మే 30, శుక్రవారం

ఒప్పుకుంటున్నాను, మౌనం పలచబడింది. "మీ సార్లు ఎప్పుడస్తరు?" అని పోశన్న అడిగితే "వాళ్లకు సాఫ్‌గా ఉన్న జాగా కావాలె" అనేశాను. ఊరికే సరదాకి. నవ్వు కూడా బీపీకి మంచిదే.

గిజిగాడి గూడు సగమైంది. ఆడపిట్ట వచ్చి లోపలికి తొంగి చూసి వెళ్లిపోయింది. వాడు పక్కకొమ్మన ఇంకోటి మొదలుపెట్టాడు. పాపం. ఇంకాసేపు చూద్దామనుకున్నాను. చాయ్ వచ్చింది.

జూన్ 2, సోమవారం

వెళ్లలేదు. రాష్ట్రావతరణ దినం. రాష్ట్రమంతా సెలవు తీసుకుంటే నేనొక్కణ్నే ప్రకృతిని చూడాలా?

జూన్ 4, బుధవారం

వాన. నిన్న కూడా వానే. నిన్న రాలేదని కమలమ్మ అంటుంది. నాకు వచ్చినట్టే అనిపించింది.

జూన్ 6, శుక్రవారం

పొద్దున వెళ్లేసరికి తుమ్మచెట్టు దగ్గర రంపం మిషన్ మోత! దారివైపు పెద్దకొమ్మ అప్పటికే కింద పడి ఉంది.

"ఏందన్నా గిది!" అని అరిచాను.

"నువ్వే అంటివి గద, సార్లకు సాఫ్‌గ ఉండాలెనని!" అన్నాడు పోశన్న.

బావి మీది కొమ్మకు మూడు గూళ్లు వేలాడుతున్నాయి. రంపం అటే వెళ్తోంది. వెళ్లి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"సార్లు లేరు, ఎవ్వరు లేరు! నేను స్కూలు బస్సు డ్రైవర్ని. నోరు మూసుకొని చెట్టు కింద కూసోమన్నది డాక్టరమ్మ!"

రంపం ఆగింది. పోశన్న ముఖం ఎర్రబడింది.

"డ్రైవర్వా! నీ మాట నమ్మి వారం దినాల సంది తోట అమ్ముదునా, ఉంచుదునా అని ఇంట్ల లొల్లి! నా పెండ్లాం బువ్వ ముడ్తలేదు!"

తల ఎత్తలేకపోయాను. వెనకే వచ్చిన అతని భార్య రేణుకమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని ఊపిరి పీల్చుకుంది.

"కొనేటోడు లేడా? దేవుడు సల్లగ సూసిండు! డ్రైవరన్నా, కూసో. బువ్వ తిని పో."

తిన్నాను. అంతకుముందు పోశన్న నాతో నరికిన కొమ్మంతా గట్టుదాకా లాగించాడు. రెమ్మ రెమ్మకూ తిట్టాడు. చివరి రెమ్మకు నవ్వాడు.

నేర్చుకున్నది: తుమ్మముల్లు. రెండు చేతులా.

జూన్ 9, సోమవారం

138/88! డాక్టర్ రెండుసార్లు చూసింది.

"చూశారా, మౌనం ఎంత పనిచేసిందో!"

నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న కమలమ్మ అందుకుంది. "అవునమ్మా, పొద్దున పొద్దున ఇంట్ల మస్తు నిమ్మలం. జర నా బీపీ గూడ సూడున్రి, తగ్గే ఉంటది."

డాక్టర్ ఒక్క నెలకు సంతకం పెట్టింది. జూలైలో మళ్లీ చూస్తుందట. బస్సు తాళాలు నావే!

జూన్ 11, బుధవారం

రేపే స్కూళ్లు. కొత్త తీర్మానం. పిల్లల్ని దించాక నేరుగా తుమ్మచెట్టు కిందికి. అరగంట. ఈసారి అసలైన మౌనం. చాయ్ లేదు, ముచ్చట లేదు.

ఇది రాస్తుండగానే పోశన్న ఫోన్.

"డ్రైవరన్నా! మూడో గూట్లకు ఆడపిట్ట పోయింది, ఇంక బయటికి రాలే! పొద్దటి సంది గక్కడనే కూసున్న. రేపు జల్ది రా. ఇద్దరం సప్పుడు జెయ్యకుంట సూద్దం."

సరేనన్నాను. చప్పుడు చేయకుండా ఎలా కూర్చోవాలో ఫోన్లోనే ఒక పద్ధతి అనుకున్నాం. ఆ పద్ధతి తేలేసరికి ఇద్దరి ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది.