గుంతకల్లు మీదుగా

నారాయణన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున గాలివానకు కర్నూలు నుంచి కడపకు పోయే తంతి తీగ తెగింది. అప్పుడే ఆత్మకూరు నుంచి ఒకామె మన కర్నూలు తంతి ఆఫీసుకు వచ్చింది.

"బిడ్డకు శానా జరమప్పా. మా ఇంటాయన కడపలో పనికి పోయుండాడు. రమ్మని తంతి కొట్టప్పా."

వెంటనే గుంతకల్లు ఆఫీసును పిలిచాను. వాళ్లు తమ తీగ మీద కడపకు అందించారు. జవాబు కోసం కుర్చీకీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి "బయలుదేరాను" అని వచ్చింది.

"ఒక దారి మూసుకుంటే పక్క ఆఫీసును అడుగప్పా, వాళ్లకు ఇంకో దారి ఉంటాది" అని నేను పనిలో చేరిన కొత్తలో నేర్పింది నువ్వే.

మంచం పట్టి, కడపలో ఉన్న కూతుర్ని చూడాలని నువ్వు అడిగిన రోజు కూడా ఇదే తీగ తెగింది. ఆ రోజు నేను, బాగుచేసేవాళ్లు వస్తారని సాయంత్రం దాకా ఊరికే కూర్చున్నాను. అమ్మాయి వచ్చేసరికి నువ్వు లేవు.