పూసిందని చెప్పేశాను

నోర్ఫెల్,

అమ్మకి ఊపిరి అందడం లేదు. లేహ్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, జీపువాడు కింద హారన్ కొడుతున్నాడు. మేకల్ని కట్టేసి వచ్చాక ఇది రెండుసార్లు చదువు.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, గాలి కూడా పడిపోయింది. "తెల్లారేసరికి మంచు పట్టేస్తుంది, చూస్కో అమ్మాయ్" అని పక్కింటి మోరుప్ తాత చెప్పాడు. పెరట్లో అమ్మ అంటుకట్టిన ఖుబానీ చెట్టుకి మొగ్గలు ఎర్రబడి ఉన్నాయి. చీకటితోనే లేచి దాని చుట్టూ పొగ పెట్టు. పిడకలు పేర్చి, పైన తడిపిన గడ్డి వెయ్యి. ఎండు కట్టెల జోలికి పోకు. పోయినేడు ఇంతెత్తు మంట వేశావు. చలికి పోయినవాటికంటే నీ మంటకి మాడిన పూలే ఎక్కువ. "వీడు చెట్టుని కాచాడా, కాల్చాడా?" అని అమ్మ నవ్వేసింది గానీ, ఆ వేసవంతా మిగిలిన పళ్ళలో ఒక్కటీ నోట పెట్టలేదు.

ఆవిడ పుట్టింటి చెట్టు వరదకి కొట్టుకుపోయింది. తడిగుడ్డలో చుట్టి, శాలువా కింద దాచి తెచ్చుకున్న ఆ చెట్టు పుల్లే ఇది. ఇంకెక్కడా లేదు.

ఫ్లాస్కులో టీ ఉంది. ఏదైనా తిను.

అక్క

మెట్లు దిగుతూ "పూసిందా?" అని అమ్మ అడిగింది. విరగబూసిందని చెప్పేశాను. చూపు ఆనదు కదా, నమ్మేసింది. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకురా.