మెరిట్ అడిగితే సాక్ష్యం

జనవరి 11, ఆదివారం

ఈ రోజు మందిరంలో నా ప్రసంగం 'నేను' అనే మాట మీద. బల్ల గుద్దాను. నీలో మంచి ఉంటే అది ఇచ్చినవాడిదే, నేను చేశానన్న నోటిని ప్రభువే మూస్తాడు అన్నాను. బైబిల్ కాలేజీ మొహం నేను చూడలేదు. ట్రాక్టర్ షెడ్డులో గ్రీజు చేతులతోనే వాక్యం నేర్చుకున్నాను. ఆమెన్‌లు గట్టిగానే పడ్డాయి.

తర్వాత బస్వమ్మ కూతురు ప్రియదర్శిని వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ సీటు వచ్చిందట. ఫీజు మాఫీ అయితేనే పోగలదు. బయటి దేశాల పిల్లలకు మెరిట్ స్కాలర్‌షిప్ ఒకటే ఉంది, చివరి ఆరుగురిలో తన పేరుంది. ఇంటర్వ్యూ వీడియోలో. ఇంటికాడ సిగ్నల్ లేదు దేవరాజ్ మామా, మందిరంల కూసుంట, జర ప్రార్థన చెయ్యుండ్రి అన్నది.

జనవరి 20, మంగళవారం, సాయంత్రం

ఇంటర్వ్యూ అయింది. వెనక బెంచీలో కూర్చున్నాను. నాకు వచ్చిన ఇంగ్లిష్‌కే అర్థమైంది. న్యాల్‌కల్ చేలల్లో కంది ఎండిపోతుంటే ప్రియదర్శిని రైతుల చేత జొన్న కలిపి విత్తించి తెగులు తగ్గించింది కదా, దాని గురించే అడిగారు. ఆలోచన ఎవరిది అన్నారు. దేవుని కృప అన్నది. రైతులను ఎవరు ఒప్పించారు? పెద్దల ప్రార్థన. మరి మీరేం చేశారు అని తెల్లజుట్టు ఆవిడ మెల్లగా అడిగింది. నేను దేవుని చేతిలో వట్టి పాత్రను మేడమ్ అన్నది.

ఆదివారం మందిరంలో లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పినట్టే చెప్పింది. హల్లెలూయ అన్నాను. వాళ్లకు వినపడే ఉంటుంది.

ఫిబ్రవరి 9, సోమవారం

రాలేదు. ప్రియదర్శిని షెడ్డుకు వచ్చి స్కాలర్‌షిప్ వాళ్ల మెయిల్ చదివి వినిపించింది. అభ్యర్థి సొంతంగా ఏం చేసిందో తమకు తెలియలేదని రాశారు. ఏడవలేదు. నేను క్లచ్ ప్లేటు బిగిస్తూ ఉండిపోయాను.

ఫిబ్రవరి 10

మోకరించాను. మాటలు రాలేదు. లేచాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

ప్రసంగించాను. బాగుందన్నారు. ఏం చెప్పానో గుర్తు లేదు.

మందిరం బయట చెప్పుల దగ్గర బస్వమ్మ పట్టుకుంది. దేవరాజన్నా, నా బిడ్డ ఎండల తిరిగి తిరిగి నల్లగైంది. రైతుల ఇండ్ల ముంగట గంటలు గంటలు నిలవడ్డది. గా పనంతా దేవుడే చేసిండని చెప్పొచ్చింది. నువ్వు నేర్పినదే గద. ఇగ గా సీటుకు దేవుణ్ణే పంపుమను, అన్నది. పక్కనే చెప్పులు వేసుకుంటున్న ఈరయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఇదివరకైతే వాక్యం తీసి చదివేవాణ్ణి. బైబిల్ చేతిలోనే ఉంది. తీయలేదు. నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ప్రియదర్శినిని స్వీడన్‌లో ఇంకో యూనివర్సిటీ పిలిచిందట. మళ్లీ ఒకే స్కాలర్‌షిప్, మళ్లీ ఇంటర్వ్యూ. మామా, నేను చేసిన అంటే పాపమా, అని అడిగింది.

బైబిల్ తెరిచాను. యజమాని దగ్గర తలాంతులు, అంటే వ్యాపారానికి డబ్బు, తీసుకున్న దాసుల కథ దగ్గర ఆగాను. యజమాని లెక్క అడిగితే, ఇంత సంపాదించానని వాళ్లే చెప్పారు. ఆయన కోప్పడలేదు. ఇచ్చినదాన్ని మట్టిలో పాతిపెట్టినవాడి మీదే కోప్పడ్డాడు. ఈ భాగం మీద ఎన్నిసార్లు అరిచానో. ఎన్నడూ ఇది చూడలేదు.

పాపం కాదమ్మా, చెప్పు అన్నాను. నోరు తిరుగుతలేదు మామా అన్నది. సరే, నేను మేడమ్‌నయ్యాను. ఆలోచన ఎవరిది? దే... అని ఆగింది. నాది, అన్నది.  మళ్లీ అడిగాను. నాదే. ఎవరు ఒప్పించారు? నేనే. దీపాలు పెట్టేదాకా అడిగాను. నా లోపల ఏదీ కదల్లేదు. అడుగుతూ పోయాను.

మార్చి 5, గురువారం

ఇంటర్వ్యూ మందిరంలోనే. నన్ను లోపలికి రావద్దంది. మీరుంటే నాకు మళ్ల సాక్ష్యమే వస్తది మామా అన్నది. గేటు బయట నిలబడ్డాను. ప్రార్థన చేయలేదు. చెయ్యాలనీ అనిపించలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

సాక్ష్యాల సమయంలో ప్రియదర్శిని లేచింది. స్కాలర్‌షిప్ వచ్చింది, నేను గెలిచిన, అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. అందరూ నా వైపు తిరిగారు.

ఆమెన్ అన్నాను. ఎవరి గొంతో విన్నట్టుంది. తర్వాత పాడాల్సింది ఏ పాటో గుర్తు రాలేదు. పాటల పుస్తకం తిరగేస్తూ నిలబడ్డాను.