తాగనివాడి లివర్

3 జనవరి 2005, సోమవారం
కుడి డొక్క బరువుగా ఉంటోందని పుంగనూరు నుంచి మదనపల్లె వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాను. రక్తం పరీక్షలో లివరు సంగతి చెప్పే ఎస్‌.జి.పి.టి. తొంభై ఆరు. నలభై లోపు ఉండాలట. తాగుతారా అని అడిగాడు. నాకు ఆ వాసనే పడదు. అయితే లివరుకు కొవ్వు పట్టింది, తాగనివాళ్లకూ వస్తుంది, బరువు తగ్గించుకుని మూడు నెలలకు మళ్లీ రమ్మన్నాడు.
రేపటి నుంచి: పొద్దున నడక. సంగటి ఒక్క ముద్ద. నెయ్యి, తీపి బంద్. మూడు నెలలెంత!

8 జనవరి
చక్కెర లేని కాఫీ బాగానే ఉంది. నడుము తగ్గినట్టుంది. నా భార్య యమునకు మాత్రం కనిపించలేదట.
మా బట్టల అంగడి పక్కన పాత్రల అంగడి రాజేంద్రది. ఈ నడకెందుకని అడిగితే లివరని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. సాయంత్రానికి బజారంతా నన్ను జాలిగా చూసింది.

23 జనవరి, ఆదివారం
వెంకటగిరికోట నుంచి మామ, యమున నాన్న రెడ్డెప్ప దిగాడు. కబురు అక్కడిదాకా పోయింది.
“నిజం చెప్పప్పా ఉమాశంకరా. ఎన్నాళ్లుగా తాగుతాండావు?”
ఒట్టేశాను. నమ్మలేదు. భోజనానికి కూర్చుని ఒక్క ముద్ద చాలన్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, “సూడమ్మా, తాగేవాళ్లకు కూడు యాడ పోతాది?” అన్నాడు.
రెండో ముద్ద అడిగాను. నెయ్యి వేయించుకున్నాను. మూడో ముద్దకు మామ ముఖం తేటపడింది.
ఈ ఒక్కరోజే.

20 ఫిబ్రవరి
గుడుపల్లెలో బంధువుల పెళ్లి. పంక్తి అంతా నా ఆకు వైపే చూసింది. లడ్డు వద్దంటే పరువు పోతుంది. నాలుగు తిన్నాను.
నడక మానేశాను. తెల్లవారకముందే ఒంటరిగా తిరిగితే జనం ఇంకేమనుకుంటారు?

4 ఏప్రిల్, సోమవారం
మళ్లీ పరీక్ష. ముప్పై ఎనిమిది! నలభై లోపు!
డాక్టరు ఊళ్లో లేడు. ఆయనతో పనేముంది, కాగితమే చెబుతోంది. మైసూరుపాకు తెచ్చి బజారంతా పంచాను. మామకు ఫోన్ చేశాను.
యమున కాగితం పట్టుకుని ఏడ్చింది. “నేను గూడా అనుమానపడితిని. నువ్వు నిద్రపోయినాక నీ చొక్కా వాసన చూస్తాంటిని” అంది.
నాకు కోపం రాలేదు. పడుకునే ముందు చొక్కా విప్పి ఆమె చేతికే ఇచ్చాను.

9 ఏప్రిల్, శనివారం
డాక్టరు దొరికాడు. ముందు బరువు చూశాడు. మూడు కిలోలు పెరిగాను. స్కానింగుకు పంపాడు. కొవ్వు ఉంది, బాగానే పేరుకుంది. ఆ అంకె ఒక్కోసారి దానంతటదే తగ్గుతుందట. అది తగ్గినంత మాత్రాన లివర్ బాగుపడినట్టు కాదట.
యమునా నేనూ బస్సులో పుంగనూరు తిరిగొచ్చాం. దిగాక యమున అంది: “ఎవురేమన్నా అనుకోనీ. తాగుబోతు పెండ్లామంటే పడతాను. నువ్వు బతికుండాల.”
రేపటి నుంచి నడక. సంగటి ఒక్క ముద్ద. తను కూడా వస్తుందట.
రేపు ఆదివారం. మామ వస్తున్నాడు.
సోమవారం నుంచి.