వరహాలు బిగించిన మూడు స్విచ్‌ల విషయమై

విశాఖపట్నం మల్కాపురంలో ఉంటున్న, పోర్టులో క్రేన్ ఆపరేటరుగా రిటైరైన, కీర్తిశేషులు పైడయ్య గారి కుమారుడు మళ్ల అర్జునరావు అను నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిరంగానే ఉంది. సంతోషమే పొంగిపోతోంది, పట్టుకోలేకపోతున్నాను. అక్షరాలు వంకరగా పడితే మన్నించాలి, నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను.

నా భార్య గంగాలమ్మ తమ్ముడు, గాజువాకలో కార్లకు కరెంటు పని చేసే వరహాలు, తొమ్మిదేళ్లుగా మా గుమ్మం తొక్కలేదు. కారణం నేను. ఆ మాట నలుగురూ చదివే కాగితంలో ఉండాలి, నేను బతికుండగానే అతను చదవాలి. అందుకే ఈ తొందర.

1. మల్కాపురం ఇల్లు, బ్యాంకులో ఉన్న డబ్బు గంగాలమ్మ బతికున్నంత కాలం ఆమెవి. ఆమె తర్వాత మా ఒక్కగానొక్క కూతురు సాయిదుర్గవి. దీనిలో ఆలోచించడానికి ఏమీ లేదు.

2. నా 1968 మోడల్ అంబాసిడర్ కారు హెడ్‌లైట్ స్విచ్ గురించి వాంగ్మూలం. ఏటా దసరా తర్వాత నెల తిరిగేసరికి ఆ స్విచ్ పాడయ్యేది. లైట్లు ఒకసారి వెలిగితే రెండుసార్లు వెలిగేవి కావు. వరహాలు వరుసగా మూడేళ్లు మూడు స్విచ్‌లు బిగించాడు. మూడోది కూడా పోయిన రోజున అతని షాపుకెళ్లి, కస్టమర్ల ముందు, పాత స్విచ్‌లకు పాలిష్ పెట్టి సొంత బావకే అంటగడుతున్నావని అన్నాను. అతను చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "ఇంక నీ కారు మీద సెయ్యేస్తే ఒట్టు బావా" అన్నాడు. అంతే, మళ్లీ రాలేదు. తర్వాత వేరే మెకానిక్‌లు పెట్టినవీ అలాగే పోయాయి. వాళ్లలో ఒక్కరినీ నేను దొంగ అనలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

మా దుర్గ అచ్యుతాపురం ఫ్యాక్టరీలో వైరింగ్ పరీక్ష చేసే ఉద్యోగం చేస్తుంది. పోయిన ఆదివారం ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి కారు దగ్గర కూర్చుంది. స్విచ్‌లోకి వచ్చే వైరు దగ్గర పెడితే బల్బు నిండుగా వెలిగింది. స్విచ్ వేసి, బయటకు వెళ్లే వైరు దగ్గర పెడితే మినుకుమంది. అప్పుడు స్విచ్ వదిలేసి ఆ రెండు వైర్లనూ నేరుగా కలిపింది. హెడ్‌లైట్లు రెండూ భగ్గున వెలిగి ఎదురింటి గోడ తెల్లబడిపోయింది. బ్యాటరీ మంచిదే, బల్బులు మంచివే, లోపం స్విచ్‌లోనే అని తేలింది. దాన్ని విప్పింది. లోపల రాగి రేకుల మీద పచ్చటి చిలుము, దాని మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన కొబ్బరినీళ్ల జిగురు.

ఆయుధ పూజకు కారులో ప్రతి స్విచ్‌కీ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు డాష్‌బోర్డు మీద దోసెడు చల్లేది నేనే. "ఏటి నాన్నా, పూజ కారుకి సేసేవా, స్విచ్చికి సేసేవా" అంది దుర్గ. తీసేసిన స్విచ్‌లన్నీ నేను బిస్కెట్ల డబ్బాలో దాచాను. అన్నీ విప్పించాను. అన్నిటి కడుపులోనూ అదే పసుపు. వరహాలు బిగించిన మూడూ తుడిస్తే కంపెనీ ముద్రతో సహా బయటపడ్డాయి. పాలిష్ పెట్టిన గీత ఒక్కటీ లేదు, బిగించిన నాటికి మూడూ సరికొత్తవే. గంగాలమ్మ చూసి, "నా తమ్ముడు దొంగ కాదని నాను తొమ్మిదేళ్లు సెప్పేను. స్విచ్చి సెప్తే ఇన్నావు" అని లోపలికి వెళ్లిపోయింది. దుర్గ గరుకు కాగితంతో రేకులు రుద్ది స్విచ్ మళ్లీ బిగించింది. లైట్లు వెలిగాయి. నేను వీధిలో నిలబడి ఏడ్చాను. అది సంతోషమే, అందరికీ చెబుతున్నాను.

3. మా పెదనాన్న కొడుకు కృష్ణంరాజుకు నా కారు జాకీ ఇస్తున్నాను. పద్నాలుగేళ్ల క్రితం ఒక్క పూటకని పట్టుకెళ్లాడు, వాళ్లింట్లోనే ఉంది. ఇక దర్జాగా వాడుకోవచ్చు, నన్ను చూసి సందు మారనక్కర్లేదు.

4. నా అంబాసిడర్ కారు బావమరిది వరహాలుకు చెందాలి. (ఈ క్లాజు కొట్టివేశాను. పక్కన నా సంతకం ఉంది. కారణం కింద రాశాను.)

5. నిన్న సాయంత్రం ఇంతవరకూ రాసిన కాగితం తీసుకుని, లైట్లు వేసుకుని, ఆ కారులోనే గాజువాక వెళ్లాను. నా నోటి మీద నాకు నమ్మకం లేక కాగితమే చేతిలో పెట్టాను. వరహాలు నిలబడే రెండుసార్లు చదివాడు. చివరికి, "కారు నాకెందుకు బావా, దుర్గకి రాసీ. తప్పు ఎక్కడుందో ఎతికింది అదే కదా" అన్నాడు. ఇంకా కోపం పోలేదేమో అనుకున్నాను. అప్పుడడిగాడు, "ఇంతకీ సాచ్చి సంతకాలు ఎవులు పెడతన్నారు?" పక్కింటి భీమశంకరరావు గారు ఒకరు, రెండోవారు ఇంకా కుదరలేదన్నాను. వాటా తీసుకునే మనిషి సాక్షిగా ఉండకూడదని ఆయన చెప్పిన సంగతీ చెప్పాను. "అయితే నాకేటీ రాయకు. రేపొస్తాను, అక్కని టీ ఎట్టమను" అన్నాడు.

కాబట్టి కారు సాయిదుర్గకు చెందాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే. దసరాకు కారు ముందు కొబ్బరికాయ కొట్టవచ్చు, లోపల చుక్క పడకూడదు.

ఇది రాస్తుండగా వరహాలు మా ముందుగదిలో కూర్చుని రెండో టీ తాగుతున్నాడు. నేను సంతకం చేయడం సాక్షులిద్దరూ చూశారు, వారి సంతకాలు నేను చూశాను.

మల్కాపురం, 17-11-2025, కార్తీక సోమవారం.

(సంతకం) మళ్ల అర్జునరావు

సాక్షులు:
1. చింతలపాటి భీమశంకరరావు, పక్కింటివారు
2. మీసాల వరహాలు, గాజువాక, బావమరిది